కొలనులో చేగోడీలు

ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా పరిచయమైనవాళ్ళు ముందు అడిగేది పేరు కాదు. "మీరే డిపార్ట్‌మెంటండీ?" అని. కెమెరా, ఎడిటింగ్, డబ్బింగ్, ఆర్ట్, మేకప్. ఈ వీధుల్లో మనిషన్నాక ఏదో ఒక శాఖకు చెంది తీరాలి. "మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంటండీ" అంటాను నేను. అవతలివాళ్ళు కాసేపు ఆలోచించి, "ఓహో, వీఎఫ్‌ఎక్సా?" అంటారు. కాదని చెప్పడం మానేసి చాలా కాలమైంది. కంటికి కనిపించనివాటితో పనిచేస్తానని చెప్పుకోవాలంటే అదీ తప్పేమీ కాదు.

కాలేజీలో పాఠాలు చెప్పగా మిగిలిన సమయంలో నేను చేసే పరిశోధన నాచు మీద. నాచంటే మెట్ల మీద కాలు జారేసే రకం కాదు. మంచినీళ్ళ మీద ఎండాకాలంలో పచ్చరంగు పోసినట్టు తేలే రకం. అది ఒక విషం తయారుచేస్తుంది. ఆ విషాన్ని తిని బతికే బ్యాక్టీరియాను వెతికి, పెంచి, పోషించడం నా పని. పీహెచ్‌డీ ఎంతకాలం చేశానంటే, నేను చేరినప్పుడు హీరో పక్కన గంతులేసినావిడ, నేను పట్టా పుచ్చుకునే నాటికి అదే హీరోకి తల్లై పూజగదిలో దీపం పెడుతోంది. హీరో మాత్రం డిగ్రీ ఫైనలియర్‌లోనే ఉన్నాడు.

నా విద్య లోకానికి ఎప్పుడైనా ఉపయోగపడుతుందా అని మా బంధువుల్లో గట్టిగా అడిగేది మా పెద్దమ్మ ఒక్కతే. మిగతావాళ్ళు మనసులో అనుకుంటారు. చివరికి ఆ విద్య ఆవిడ కొలనుకే అక్కరకొచ్చింది. అదీ బాతుల వల్ల.

పెద్దమ్మది గుంటూరు వైపు. ఒకప్పుడు పాటల్లో వెనక వరసలో ఆడే డాన్సర్లకు దుస్తులు కుట్టించి ఇచ్చేది. జూబ్లీహిల్స్ అంటే బండలు తప్ప ఏమీ లేని రోజుల్లో అక్కడ స్థలం కొని, పునాది కోసం రాయి పేల్చింది. పేలుడుకు పునాదికి కావలసినదానికంటే పెద్ద గొయ్యి పడింది. పూడ్చడానికి బద్ధకించి అందులో తామరలు వేసింది. అదే కొలను. దాని ముందు ఇల్లు. ఇప్పుడా ఇంటిని షూటింగులకు ఇస్తుంది. తను వెనకవైపు రెండు గదుల్లో ఉంటుంది. ముందు హాల్లో పొద్దున పెళ్ళి, మధ్యాహ్నం హత్య జరిగిన రోజులున్నాయి. "పెళ్ళివాళ్ళకంటే హత్యవాళ్ళే నయమే, ఇల్లు కడిగి పోతారు" అంటుంది పెద్దమ్మ. ఆ ఇల్లు ఆసుపత్రిగా, కోర్టుగా, మంత్రిగారి బంగళాగా నటించింది. మా బంధువుల్లో ఇన్ని వేషాలు వేసింది అదొక్కటే.

కొలను కూడా తక్కువేం తినలేదు. పల్లెటూరి చెరువు కావాలంటే కెమెరా కిందికి దించుతారు. రాజుగారి సరస్సు కావాలంటే పైకెత్తుతారు. రెండింటిలోనూ బాతులుండాలి.

ఆ బాతులు ఒకాయనవి. రహమత్‌నగర్‌లో ఉంటాడు, నడివయసు, మెడలో ఎర్ర రుమాలు. షూటింగులకు పావురాలు, చిలకలు, బాతులు సరఫరా చేయడం ఆయన వృత్తి. అందరూ ఆయన్ని బాతులాయన అనే అంటారు. విలన్ డెన్‌లో హీరో తలుపు తన్నగానే ఎగిరే పావురాల్లో సగం ఆయనవే. ఈమధ్య పావురాలు కంప్యూటర్లో ఎగురుతున్నాయి. నిజం పక్షిని వాడాలంటే అనుమతి కాగితం కావాలి. కాగితం లేకుండా బాతు కెమెరా ముందు ఈక కూడా విదల్చకూడదు. అలా ఒక్కొక్కటీ పోయి ఆయనకు మిగిలినవి ఆ బాతులే, ఓ డజనుకు అటూ ఇటూగా. కాగితాలున్నవి, అనుభవమున్నవి. అవి ఏడాది పొడుగునా పెద్దమ్మ కొలనులోనే ఉంటాయి. గుడ్లు పెద్దమ్మకి, గొప్పలు ఆయనకి.

గొప్పలు ఊరికే కాదు. బాతులు నిజంగానే రెండు సంగతులు నేర్చాయి. క్లాప్ కొట్టిన చప్పుడు వినగానే వరసగా నీళ్ళలోకి దిగుతాయి. మైకులో "బ్రేక్" అని వినిపించగానే వరసగా బయటికొస్తాయి. మొదటిది బాతులాయన నేర్పాడు. రెండోది భోజనాలు వడ్డించేవాళ్ళు నేర్పారు. బ్రేక్ అంటే అన్నం పడుతుందని వాటికి తెలిసిపోయింది. ఈ విషయంలో బాతులకూ యూనిట్‌కూ తేడా లేదు.

ఆ వేసవిలో ఒక పెద్ద పాట తీశారు. కొలను నిండా గులాబీ రెక్కలు, బంతి రెక్కలు గంపలకొద్దీ కుమ్మరించారు. పాట అయ్యాక కెమెరా ఎత్తుకుపోయినవాళ్ళు రెక్కలు ఎత్తుకుపోలేదు. మిగిలిన బిర్యానీ బాతులకని నీళ్ళలో వేశారు. దాన్ని బాతులు తిన్నంత తిన్నాయి. మిగిలింది, రెక్కలతో కలిసి కుళ్ళి, నాచుకు ఎరువైంది. ఎండలు ముదిరేసరికి కొలను మీద పచ్చటి మీగడ కట్టింది.

తర్వాత వచ్చిన యూనిట్ దాన్ని చూసి మురిసిపోయింది. వాళ్ళది పల్లెటూరి కథ. "ఎంత నేచురల్‌గా ఉందండీ" అని నాలుగు రోజులు ఆ పచ్చదనాన్ని తీసుకుని, మళ్ళీ వానలప్పుడు వస్తామని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన వారంలో రెండు బాతులు చనిపోయాయి.

నేను ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళ్ళేసరికి బాతులాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మిగతావి మెడలు వాల్చి నీడలో ఉన్నాయి.

"దిష్టి తగిలింది మేడం" అన్నాడు. "గా పాటల హీరోయిన్ కంటే నా బాతులే మంచిగ కనబడ్డయ్. యూనిట్ మొత్తం గుడ్లప్పగించి చూసిండ్రు. దిష్టి తగలక ఏమైతది?"

"దిష్టి కాదు, బిర్యానీ" అంది పెద్దమ్మ అరుగు మీంచి. "ఆ మసాలాకి మనుషులే పోతున్నారు."

నేను ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని కాలేజీకి తీసుకెళ్ళాను. నా అనుమానమే నిజమైంది. కొన్నేళ్ళుగా ఎక్కడెక్కడి చెరువులకో బస్సుల్లో తిరిగి వెతికిన విషం పెద్దమ్మ పెరట్లోనే సమృద్ధిగా తయారైంది. శాస్త్రవేత్తగా సంతోషించాల్సిన క్షణం. ఆవిడ చెల్లెలి కూతురిగా సిగ్గుపడాల్సిన క్షణం కూడా, ఎందుకంటే ప్రతి ఆదివారం ఆ పచ్చదనం పక్కనే కూర్చుని కాఫీ తాగాను.

మర్నాడు వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. పెద్దమ్మ పళ్ళెంలో చేగోడీలు పెట్టి తెచ్చింది. నాకు పాఠం చెప్పడానికి అంతకంటే మంచి సామగ్రి ఎన్నడూ దొరకలేదు.

"ఇదిగో, ఆ విషం ఇలా ఉంటుంది" అని ఒక చేగోడీ ఎత్తి చూపించాను. "గుండ్రంగా, గట్టిగా. మరిగించినా కరగదు. కడుపులోకి పోతే తిన్నగా కాలేయంలోకి వెళ్ళి దాని పని ఆపేస్తుంది. బాతుకైనా, కుక్కకైనా, మనకైనా అంతే."

"నా చేగోడీలకి వంక పెడుతున్నావటే" అంది పెద్దమ్మ.

"కొన్ని రకాల బ్యాక్టీరియా ఉన్నాయి. అవి ఈ చుట్టుని ఒక్క చోట కొరుకుతాయి." చేగోడీ విరిచాను. "చుట్టు విడిపోతే దీని జోరు చాలావరకు పోతుంది. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా తినేస్తాయి."

బాతులాయన విరిగిన చేగోడీ వైపు అనుమానంగా చూశాడు. "మేడం, ఒక్కటడుగుత. గంత గట్టి దాన్నే కొరికినయంటే, నా బాతుల్ని ఇడుస్తయా?"

"బాతుల జోలికి రావు."

"ముందట అందరు గట్లనే అంటరు. గీ బిర్యానీ గూడ గట్లనే అన్నరు."

ఆయన భయం వెనక అసలు ఇబ్బంది వేరే ఉంది. బాతుల్ని ఆ కొలనులో ఉంచడానికి లేదు. రహమత్‌నగర్‌లో ఆయన కిరాయికి ఉన్న ఇంటి మిద్దె మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ప్లాస్టిక్ తొట్టి. బాతులు ఒకదాని మీద ఒకటి ఎక్కి స్నానాలు చేస్తున్నాయి. కింద నీళ్ళు కారుతున్నాయి. ఇంటి ఓనరు మంచివాడే కానీ బోనాలకు ఆయన చుట్టాలు వస్తారు, వాళ్ళు పడుకునేది మిద్దె మీదే. బోనాల లోపల బాతులు దిగాలన్నాడు. దిగి ఎక్కడికి పోతాయి? గల్లీ చివర హోటలాయన అప్పటికే ఒకసారి మిద్దెక్కి చూసి, "ఎప్పుడు తోలుతవ్ అన్నా?" అని మర్యాదగా అడిగిపోయాడు.

"ఏళ్ళ తరబడి యాక్టింగ్ చేసినయ్ మేడం" అన్నాడు బాతులాయన రుమాలు సవరించుకుంటూ. "ఆఖరికి పులుసుల వేషమా?"

నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆయన కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

పల్లెటూరి సినిమా యూనిట్‌లో ఒక అసిస్టెంట్ డైరెక్టర్ ఉన్నాడు. సన్నగా, గడ్డంతో, ఫోనుకి అతుక్కుని ఉంటాడు. కంటిన్యుటీ చూడటం అతని పని. నిన్న తీసిన షాట్‌లో హీరో గడియారం ఎడమ చేతికి ఉంటే ఇవాళా ఎడమ చేతికే ఉందో లేదో చూసుకోవాలి. తర్వాతి షెడ్యూలు తేదీలు మాట్లాడటానికి వచ్చి, మా సంగతి విని వెంటనే పరిష్కారం చెప్పాడు. "సింపుల్ మేడం. మైలుతుత్తం కొట్టండి. లేదా బ్లీచింగ్ పౌడర్. ఒక్క రోజులో క్లియర్."

"నాచు చస్తుంది. దాని కడుపులో ఉన్న విషమంతా ఒక్కసారిగా నీళ్ళలోకి వస్తుంది. ఇప్పుడు డబ్బాలో ఉన్న చేగోడీలు అప్పుడు ఊరంతా పంచినట్టవుతుంది."

"ఏ చేగోడీలు మేడం?"

పెద్దమ్మ అతనికి పళ్ళెం అందించింది. అతను తిని, చాలా బాగున్నాయన్నాడు. విషయం మాత్రం అంతవరకే అర్థమైంది.

నేను చేసింది ఇంత. కొలను అడుగు నుంచి బురద తీసి లాబ్‌కి పట్టుకెళ్ళాను. విషం పుట్టే చోటే దాన్ని తినేవాళ్ళూ పుడతారు, వెతకాలంతే. బురదలో వాళ్ళు దొరికారు. కావాలంటే మా ఫ్రిజ్‌లో ఎక్కడెక్కడి చెరువుల నుంచో తెచ్చిన రకాలున్నాయి, కానీ పక్క రాష్ట్రాల నుంచి హీరోయిన్లను తెచ్చే ఊళ్ళో ఉంటూ నేనైనా లోకల్ టాలెంట్‌కి వేషమివ్వాలి కదా అనిపించింది. పైగా కొత్త ప్రాణిని తెచ్చి కొలనులో వదలడం మంచిది కాదు. లోకల్ వాళ్ళకే విషం రుచి చూపించి పెంచి, విరిగిన పెంకుముక్కలూ కంకరా నింపిన డ్రమ్ముల్లో కాపురం పెట్టించాను. పెంకుల మీద వాళ్ళు జిగురుగా అతుక్కుంటారు. ఒక పంపు కొలను నీళ్ళని డ్రమ్ముల్లోకి తోస్తుంది, నీళ్ళు పెంకుల మధ్య నుంచి నెమ్మదిగా జారి మళ్ళీ కొలనులోకి పోతాయి. పైన తేలే మీగడని బాతులాయన దోమతెరతో తీసేసేవాడు. పూలరెక్కలు, బిర్యానీ బంద్ అని పెద్దమ్మ గేటు దగ్గర చెప్పేసింది.

డ్రమ్ములు నీలంరంగు ప్లాస్టిక్‌వి. పెద్దమ్మ వాటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. "మంత్రిగారి బంగళా ముందు ఇవేంటే? మంత్రి రాజీనామా చేస్తాడు" అంది. మధ్యలో వచ్చిన ఒక సీరియల్ వాళ్ళు పాపం వాటికి థర్మోకోల్ చుట్టి రాతి స్తంభాలుగా మార్చి వెళ్ళారు. మీద లతలు కూడా చెక్కారు. నా పరిశోధన జీవితంలో దానికంటే అందంగా ఏదీ కనిపించలేదు.

నీళ్ళలో విషం ఎంతుందో చూడటానికి కాగితపు పట్టీలు ఉంటాయి. ముంచితే గీత వస్తుంది. అయితే ఇందులో లెక్క తిరగబడి ఉంటుంది. విషం ఎక్కువైతే గీత రాదు. నీళ్ళు బాగుపడే కొద్దీ గీత చిక్కబడుతుంది. మొదట్లో నా పట్టీలన్నీ తెల్లగా ఉండేవి. కొన్నాళ్ళకి ఒక ఉదయం సన్నటి గీత కనిపించింది. ఆనందం పట్టలేక వంటింటి కిటికీలో ఎండకి పెట్టి కాఫీ కలుపుకుంటున్నాను.

పెద్దమ్మ పట్టీ చూసింది. నన్ను చూసింది. మళ్ళీ పట్టీ చూసింది.

"ఏమే" అంది గొంతు తగ్గించి, "ఈ వయసులోనా?"

"పెద్దమ్మా, అది కొలనుది."

"కొలనుదా" అంది కొంచెం నిరాశగా. "అయితే ఎన్నో నెల?"

ఆషాఢం వచ్చేసరికి గీత స్పష్టంగా వస్తోంది. పచ్చమీగడ పోయి కొలను టీ నీళ్ళ రంగులోకి దిగింది. అడుగున తామర దుంపలు కనిపిస్తున్నాయి. బోనాలు దగ్గర పడ్డాయి. బాతులాయన రోజూ ఫోన్ చేసేవాడు. "ఏమైంది మేడం, మనోళ్ళు కొరుకుతున్నరా?" అప్పటికి బ్యాక్టీరియా ఆయనకు 'మనోళ్ళు' అయిపోయారు. "హోటలోడు మళ్ళొచ్చిండు. మసాలా గూడ నూరుకున్నడట."

ఒక గురువారం నేను ధైర్యం చేసి చెప్పాను. "రేపు తెచ్చెయ్యండి."

శుక్రవారం నాకు పొద్దున క్లాసుంది. అది ముగించుకుని ఆటోలో జూబ్లీహిల్స్ చేరేసరికి పెద్దమ్మ ఇంటి ముందు వ్యాన్లు, జనరేటరు, గొడుగులు. పల్లెటూరి సినిమా యూనిట్ రెండో షెడ్యూలుకు దిగింది. ఒక రోజు ముందే వచ్చారట. బాతులాయన ఆటోలో బాతులతో దిగగానే డైరెక్టరుగారు చూసి, "అరె, బాతులు కూడా వచ్చేశాయ్, షాట్ పెట్టండి" అన్నాడట. బాతులాయన మెడలో రుమాలు ఆ రోజు ఉతికి ఇస్త్రీ చేసి ఉంది.

నేను గేటు దాటి కొలను చూశాను. పచ్చగా ఉంది.

ఒక క్షణం నా చదువంతా తప్పనుకున్నాను. గురువారం సాయంత్రం టీ నీళ్ళలా ఉన్నది రాత్రికి రాత్రి పచ్చగా ఎలా అవుతుంది? గట్టు పక్కన ఖాళీ డ్రమ్ములు దొర్లి ఉన్నాయి. నావి కాదు. వాటి అంచులకి పచ్చటి జిగురు అంటుకుని ఉంది. అసిస్టెంట్ డైరెక్టరు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మ్యాచ్ అయిందా మేడం?" అని ఫోను చూపించాడు. ఫోనులో వేసవి కొలను, పచ్చమీగడతో. "పొద్దున వచ్చి చూస్తే గుండె ఆగిపోయింది. వాటర్ క్లియర్. హీరో పరిగెత్తుకుంటూ వస్తే గ్రీన్, గట్టు మీద ఆగితే బ్రౌన్. కంటిన్యుటీ మొత్తం పోయినట్టే కదా. ముందు కలర్ పౌడర్ వేద్దామనుకున్నాం, నేచురల్‌గా లేదు. అందుకని ఊరవతల చెరువు నుంచి తెప్పించాను. ఒరిజినల్ నాచు మేడం."

అతని ముఖంలో అంత నిజాయితీతో కూడిన గర్వం ఉంది. పని మీద ప్రేమ ఉన్న మనిషి. హీరో గడియారం మీదా కొలను నాచు మీదా ఒకే శ్రద్ధ. నేను నెలల తరబడి తీసేసినదాన్ని అతను ఒక పూటలో డోర్ డెలివరీ చేయించాడు.

"బాతులేవి?" అన్నాను.

క్లాప్ కొట్టారు. బాతులు వరసగా దిగాయి.

గట్టు మీదికి పరిగెత్తాను. బాతులాయనకు నాలుగు మాటల్లో చెప్పాను. ఆయన నీళ్ళ అంచుకి ఉరికాడు. "రా, రా, బయటికి రా" అని పిలిచాడు. ఈల వేశాడు. రుమాలు ఊపాడు. బాతులు తల కూడా తిప్పలేదు. కెమెరా నడుస్తుండగా ఎవరేమన్నా పట్టించుకోవద్దని వాటికి నేర్పింది ఆయనే. అన్నిటికంటే ముందున్న ముసలి బాతు తల ముంచి మీగడ జుర్రుకుంటోంది.

"యాక్టింగ్ ఎందుకు నేర్పిన్నో" అన్నాడు ఆయన, ఎవరితోనో కాదు.

అప్పుడు నాకు కనిపించింది మైకు. అసిస్టెంట్ డైరెక్టరు చేతిలో ఉంది. లాక్కున్నాను. నా జీవితంలో అంత గట్టిగా పాఠం కూడా చెప్పలేదు.

"లంచ్ బ్రేక్."

బాతులు టక్కున తిరిగి, ముసలి బాతు ముందు, మిగతావి వెనక, గట్టెక్కాయి. హీరో షాట్ మధ్యలో ఆగి గొడుగు కిందికి నడిచాడు. లైట్లు ఆరిపోయాయి. నిమిషం తిరక్కుండా యూనిట్ మొత్తం ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడింది. వడ్డించేవాళ్ళు మాత్రం బిత్తరపోయారు. అన్నం ఇంకా ఉడుకుతోంది, అది టిఫిన్ అరగని వేళ.

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "ఎవరండీ బ్రేక్ చెప్పింది?"

"నేనండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మీరే డిపార్ట్‌మెంట్?"

"మైక్రోబయాలజీ."

"వీఎఫ్‌ఎక్స్ సార్" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టరు, నన్ను కాపాడదామని.

పెద్దమ్మ వెనక గదుల్లోంచి వచ్చి విషయం విని, ముందు ఆ అసిస్టెంట్ డైరెక్టరుని పిలిచి, "బాబూ, ఆ రోజు పళ్ళెంలో సగం చేగోడీలు నువ్వే తిన్నావు. తింటూ విన్నది ఇదేనా?" అంది. తర్వాత డైరెక్టరుగారితో, కొలను బాగయ్యేదాకా దాని వైపు కెమెరా తిప్పితే ఇంటి తాళం వేసేస్తానంది. మర్యాదగానే అంది. వాళ్ళు లోపల సీన్లకి మారారు.

బాతుల్ని ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. రహమత్‌నగర్ మిద్దె మీదికి బోనాల చుట్టాలు అప్పటికే వచ్చేశారు. ముందింట్లో, ఎప్పుడో ఒక విలన్ కోసం కట్టిన పెద్ద స్నానాల తొట్టి ఉంది. బంగారు రంగు కుళాయిలతో. పెద్దమ్మ పోయి తొట్టి నింపింది. అన్నాళ్ళూ బాతుల రెట్టల మీద ఫిర్యాదు చేసిన మనిషి అడుగున తన పాత పట్టు పరికిణీ ముక్క పరిచింది, జారకుండా.

ముసలి బాతు ఆ సాయంత్రం నుంచి మెడ ఎత్తలేదు. మేత ముట్టలేదు. బాతులాయన తొట్టి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"దవాఖాన?" అన్నాడు.

పశువుల డాక్టరు వచ్చి చూసి, దీనికి విరుగుడు మందంటూ లేదని, మంచి నీళ్ళు తాగిస్తూ చూడమని చెప్పి వెళ్ళాడు. నాకు అంతకంటే తెలిసింది ఏమీ లేదు. నా బ్యాక్టీరియా నీళ్ళలో విషాన్ని తింటాయి. బాతు లోపలికి వెళ్ళినదాన్ని తినవు. ఆ మాట ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆయన తల ఊపాడు. "నీళ్ళ సంగతి చూడు మేడం. దీని సంగతి నేను చూస్కుంట."

మేము నీళ్ళ సంగతి చూశాం. అసిస్టెంట్ డైరెక్టరు ప్యాంటు మడిచి దోమతెర పట్టుకుని దిగాడు, తెచ్చినదాన్ని తనే తోడాడు. నాచు పగలకుండా, బతికి ఉండగానే తీయాలని చెప్పాను. పగిలితే లోపలిది బయటికొస్తుంది. అతను సెట్ మీద గాజు కూజాలు మోసేంత జాగ్రత్తగా తోడాడు. అప్పటికే నీళ్ళలో కలిసిపోయినదాన్ని డ్రమ్ములకు వదిలాం. నాకు భయం ఒక్కటే. ఇంత భోజనం ఒక్కసారి పడితే మనోళ్ళు తినగలరా?

పట్టీ మొదటి రోజు తెల్లగా వచ్చింది. రెండో రోజూ తెల్లగానే. తర్వాత గీత వచ్చిందో, నా కళ్ళు కోరుకుని చూశాయో తెలియని స్థితి. పెద్దమ్మని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులోకి తిప్పి, "ఉందే. సన్నగా ఉంది" అంది. ఆవిడకి ఈ పాటికి అలవాటైపోయింది. మరుసటి పట్టీలో కళ్ళజోడు అవసరం లేకపోయింది. వేసవంతా విషం తిని పెరిగినవాళ్ళు కదా, విందు చూడగానే పని అందుకున్నారు. నా పీహెచ్‌డీ అన్నేళ్ళలో చెప్పలేకపోయిన మాటను వాళ్ళు కొన్ని రోజుల్లో చెప్పేశారు.

అదే వారంలో ముసలి బాతు మెడ ఎత్తింది. తొట్టిలో బంగారు కుళాయిని ఒక పోటు పొడిచింది. బాతులాయన బయటికొచ్చి నాకు చెప్పబోయి, రుమాలు ముఖం మీద వేసుకున్నాడు.

ఇక కంటిన్యుటీ సమస్య. నీళ్ళు మళ్ళీ టీ రంగుకి వచ్చాయి, ఫోనులో మాత్రం పచ్చగా ఉన్నాయి. డైరెక్టరుగారు ఒక పూట ఆలోచించి, హీరోయిన్‌కి ఒక డైలాగు రాయించారు: "నువ్వు పట్నం పోయొచ్చేలోపు చెరువు బాగుచేయించాను బావా." అంతే. మైలుతుత్తం, బ్లీచింగు, ఊరవతల నాచు, ఏవీ అక్కర్లేకుండా సరిపోయింది. నేను కొన్నేళ్ళు పడ్డ పాట్లు ఆవిడ ఒక్క వాక్యంలో, కొంగు తిప్పుతూ, ఒకే టేక్‌లో చేసేసింది.

షాట్ రోజున బాతుల్ని గట్టు మీదికి తెచ్చారు. పట్టీలో గీత దట్టంగా ఉంది. నేను రెండుసార్లు చూశాను, పెద్దమ్మ ఒకసారి చూసింది. క్లాప్ కొట్టారు. బాతులు కదల్లేదు. మళ్ళీ కొట్టారు. ముసలి బాతు నీళ్ళ వైపు చూసి, మెడ పక్కకు తిప్పుకుంది. దాని వెనక మిగతావన్నీ అటే తిప్పుకున్నాయి.

బాతులాయన నన్ను చూశాడు. యూనిట్ మొత్తం నన్ను చూసింది.

"ముందు మీరు దిగుండ్రి మేడం" అన్నాడు మెల్లిగా. "అనుమానంతోని అంటలేను. గా ముసల్ది మిమ్మల్నే చూస్తున్నది, గందుకు."

చెప్పులు విప్పి దిగాను. మోకాళ్ళ దాకా నీళ్ళు. చల్లగా ఉన్నాయి. కాలివేళ్ళ కింద మనోళ్ళ పుట్టిల్లైన బురద. వెనకాల చిన్న చప్పుడైంది. ముసలి బాతు నా పక్కనుంచి జారుకుంటూ ముందుకుపోయింది. తర్వాత ఒకటి, ఇంకొకటి, అన్నీ నా చుట్టూ తిరుగుతున్నాయి. కెమెరా నడుస్తోందని నాకు తెలియదు. హీరోయిన్ తన డైలాగు చెప్పేసింది. డైరెక్టరుగారు ఓకే అన్నారు.

"ఆ చీర నేను పెట్టిందే" అని అరిచింది పెద్దమ్మ అరుగు మీంచి.

అసిస్టెంట్ డైరెక్టరు ఫోనుతో నా దగ్గరికి వచ్చి, తడిసిన కుచ్చిళ్ళ దాకా జాగ్రత్తగా ఫొటో తీసుకున్నాడు. "మేడం, వైడ్ షాట్‌లో హీరోయిన్ వెనక మీరున్నారు. ఈ సీను రేపు కూడా ఉంది. చీర ఉతకొద్దు ప్లీజ్."

కాలేజీకి సెలవు పెట్టాను. మర్నాడు అదే చీరలో, మోకాళ్ళ దాకా నీళ్ళలో, బాతుల మధ్య నిలబడ్డాను. బాతులాయన గట్టు మీంచి నాకు ఎటు చూడాలో చెబుతూనే ఉన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చాక మైకులో బ్రేక్ అని వినిపించింది. ముసలి బాతు ముందు, మిగతావి వెనక, ఆ వరస చివర నేను, అందరం గట్టెక్కాం.